మొదటి సంది చెప్తా సార్

మొన్న ఖమ్మంలో మా ఆఫీసు మీటింగులో ఒక కొత్త నర్సమ్మ మాట్లాడడానికి లేచింది. నాలుగు మాటలు అన్నదో లేదో, ఒకాయన మధ్యలో దూరి తన సోది మొదలుపెట్టాడు. ఆయన ఆపగానే ఇంకొకాయన అందుకున్నాడు. ఇద్దరూ చల్లబడ్డాక పాపం ఆ అమ్మాయి "అదే సార్, నేను చెప్పేదేంటంటే..." అంటూ ఎక్కడ ఆపిందో వెతుక్కుంటూ నిలబడింది. నేను మీటింగుల్లో గోడకు కుర్చీ ఆనించుకుని నోరు మూసుకుని రాసుకునే గుమాస్తాని. సర్వీసంతా అలాగే గడిపాను. ఆ రోజు ఏమైందో ఏమో, "మధ్యలోంచి వద్దమ్మా, మొదటి నుంచి చెప్పు" అని గట్టిగా అనేశాను. అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. పక్కనున్నాయన నా బీపీ సంగతి అడిగాడు కూడా.

ఆ మాట నాది కాదు. దాని అసలు హక్కుదారు ఒకామె ఉంది. ఆమె పేరు రాయను. రాస్తే "నా పేరెందుకు తమ్మీ, పని రాయరాదూ" అంటుంది.

అప్పటికి మా జిల్లా ఇంకా ముక్కలు కాలేదు. సెల్‌ఫోన్లు కొత్తగా చేతుల్లోకి వచ్చిన రోజులు. అడవి అంచున ఒక చిన్న సర్కారు దవాఖానాలో నన్ను గుమాస్తాగా వేశారు. అటు ములకలపల్లి వెళ్లాలన్నా, ఇటు అశ్వారావుపేట వెళ్లాలన్నా బస్సు కోసం చెట్టు కింద గంటలు గంటలు కూర్చోవాల్సిన చోటు. తల్లాడ పొలాల మధ్య పుట్టి పెరిగిన నాకు ఆ అడవి, ఆ దోమలు, ఆ చీకటి ఏవీ నచ్చలేదు. ఎప్పుడు బదిలీ అవుతుందా అని రోజులు లెక్కపెట్టేవాడిని. పనిలో మనసు పెట్టేవాడిని కాదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. అప్పుడూ లేదు, అదే నా తప్పు.

ఆమె వాగు పక్కనున్న ఉపకేంద్రంలో నర్సమ్మ. వాగుకు ఇవతల రెండు ఊళ్లు, అవతల మూడు గూడేలు ఆమె కిందివి. మనిషి పొట్టి. నలభై దాటి ఉంటాయి. గొంతు కూడా పెద్దదేమీ కాదు, పక్క గదిలోకి వినపడదు. పిల్లలకు పోలియో చుక్కలు వేసి వాళ్ల చిటికెన వేలికి గుర్తు పెట్టే నల్ల సిరా ఆమె చూపుడువేలికీ అంటుకుని ఉండేది. అది కడిగితే పోయేది కాదు. భుజాన టీకాల డబ్బా, చంకలో గొడుగు, వాగు దాటేటప్పుడు విప్పిన చెప్పులు చేతిలో. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి అలాగే చేత్తో పట్టుకుని మీటింగు గదిలోకి వచ్చేసేది. గుమ్మంలో ఎవరో నవ్వితే కిందికి చూసుకుని, తనూ నవ్వి, అప్పుడు వేసుకునేది.

నెలకోసారి మీటింగు. డాక్టరుగారు కుర్రవాడు, మంచివాడే. కాకపోతే ఆయన ప్రాణమంతా మూడు గంటల కొత్తగూడెం బస్సులో ఉండేది. ఆ బస్సు పోతే మళ్లీ మర్నాడే. ఆయన పక్కన సూపర్‌వైజరుగారు. సత్తుపల్లి వైపు మనిషి, సర్వీసులో అందరికన్నా పెద్ద. ఎవరు ఏం మాట్లాడినా సగంలో అందుకుని, మిగతా సగం ఆయనే చెప్పి, దానికి జవాబు కూడా ఆయనే ఇచ్చుకునేవాడు. మిగతావాళ్లు అలవాటు పడిపోయారు. రిపోర్టు కాగితం బల్లమీద పెట్టి, "అంతే సార్" అని కూర్చునేవాళ్లు.

ఈమె మాత్రం నిలబడి, రిజిస్టరు తెరిచి, ఒక వరుస మీద ఆ సిరా వేలు ఆనించి మొదలుపెట్టేది. "వాగు అవతలి మూడు గూడేలకు, వాన పడకముందే..." అనేసరికి సూపర్‌వైజరుగారు "అది తర్వాత చూద్దాంలేమ్మా, ముందు టీకాల సంగతి చెప్పు" అనేవాడు. ఆమె వెంటనే ఆగేది. గొంతు పెంచడం, మొహం ముడుచుకోవడం, పక్కవాళ్లవైపు చూడడం, ఏదీ లేదు. వేలు మాత్రం ఆ వరుస మీంచి తీసేది కాదు. ఆయన చెప్పేదంతా విని, అడిగిన లెక్క చెప్పి, ఆయన ఊపిరి తీసుకోగానే నెమ్మదిగా అనేది.

"మొదటి సంది చెప్తా సార్. వాగు అవతలి మూడు గూడేలకు, వాన పడకముందే..."

టీ వచ్చేది. గ్లాసులు పంచేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి, ఆమె మాటలో మొదటి సంది. కిటికీలో పెట్టిన డాక్టరుగారి ఫోను మోగేది. మా దవాఖానా మొత్తానికి సిగ్నలు దొరికేది ఒక్క కిటికీ దగ్గరే. ఆయన పరుగెత్తి, తల బయటికి పెట్టి "హలో హలో" అని కేకలు వేసి వచ్చేదాకా ఆమె అలాగే నిలబడి, మళ్లీ మొదటి సంది. మూడోసారికి మాకు నవ్వు ఆగేది కాదు. నేను తల దించుకుని కాగితాల్లోకి నవ్వేవాడిని. ఇంతలో రెండున్నర అయ్యేది. డాక్టరుగారు సంచి సర్దుకునేవాడు. ఆ వాక్యం ఏ నెలా పూర్తి కాలేదు.

కాగితం మీద రాసి ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. ఒకసారి కాదు. సూపర్‌వైజరుగారు దాన్ని తీసుకుని, చదవకుండానే, "స్టోరులో ఉండాల్సిన మందులు గూడెంలో పెడితే రేపు లెక్కెవరు చెప్తారమ్మా" అని పాత ఫైళ్ల కింద పెట్టేశాడు. ఆమె అడిగింది పెద్దదేమీ కాదు. వానలకు ముందే ఒక పెట్టెడు మందులు వాగు అవతల పెట్టించమని, అంతే.

ఒకసారి వరండాలో ఇద్దరం బస్సు కోసం కూర్చున్నప్పుడు అడిగాను. "ఎందుకక్కా ప్రతిసారీ మొదలుకు పోతావు? ఆపిన కాడినుంచి చెప్పొచ్చు కదా."

ఆమె నవ్వింది. "మా నాయిన బొగ్గుబాయిల పని చేసిండు తమ్మీ. డ్రిల్లు మోతకు చెవులు పోయినయ్. ఇంటికొచ్చినంక ఏం చెప్పినా సగమే ఇనపడేది. మధ్యలకెల్లి చెప్తే సమజ్ కాకపోయేది. 'మొదటి సంది చెప్పు బిడ్డా' అనేటోడు. ఒక్క మాట జారినా మల్ల మొదటి సంది. ఇసుక్కుంటే తినకుండ లేచిపోయేటోడు. మా అమ్మ, మేము నలుగురం పిల్లలం, అందరం గట్లనే చెప్పేటోళ్లం."

"మీటింగులో వాళ్లకు చెవులు బాగానే ఉన్నాయి కదక్కా."

"గదే గదా," అంది ఆమె. బస్సు వచ్చింది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మీటింగులో జరిగింది మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని. నేను పాత నెల పేజీ ముందు పెట్టుకుని, తేదీ మార్చి, అదే దించేవాడిని. "సిబ్బంది అందరూ హాజరైనారు. వారి సమస్యలు కూలంకషంగా చర్చించడమైనది." డాక్టరుగారు చదవకుండా సంతకం పెట్టేవాడు, సూపర్‌వైజరుగారు ఆయన కింద పెట్టేవాడు. అలవాటు ఎంత ముదిరిందంటే, వానల్లో ఒక నెల మీటింగు జరగకపోతే దానికీ రాసేశాను. ఆ నెల కూడా సిబ్బంది అందరూ హాజరైనారు.

అది ఆమె కంట పడింది. ఎండాకాలం మొదట్లో ఏదో సెలవు కాగితం కోసం నా గదికి వచ్చి, బల్లమీద పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది. సిరా వేలు వరుస మీద ఆనించి పైకి చదివింది. చదివి నావైపు చూసింది.

"తమ్మీ, గీ తారీకున నేను వాగొడ్డున ఉన్న. గీ మీటింగ్‌ల ఎట్ల కూసున్న?"

"అదంతా ఫార్మాట్ అక్కా. పైవాళ్లకు పంపాలి కదా," అన్నాను.

ఆమె ఎదురుగా కూర్చుంది. "నేను చెప్తా ఇను. గా దినం వాగు రెండు ఒడ్లు తన్నుకొని పోతున్నది. అవతల ఒకాయన బిడ్డను భుజం మీదేసుకొని నిలబడ్డడు. చలిజరం పిల్లకు. ఏడెనిమిదేండ్లుంటయ్. గోళీలు నా సంచిల ఉన్నయ్. తడిగుడ్డ ఎయ్యి, నీళ్లు తాపు, పైన రాళ్లకాడికి రా, తాడు ఏసి అందిస్తమని ఇటుకెల్లి అరిచిన. గొంతు పోయేదాంక అరిచిన తమ్మీ. వాగు మోతల నా మాట అటు పోలే. ఆయన చెయ్యి చెవి కాడ పెట్టుకొని చూస్తనే ఉన్నడు. నీళ్లు తగ్గేసరికి మూడొద్దులైంది. నేను పోయేసరికి పిల్ల లేదు."

నేను పుస్తకాన్ని నావైపు లాక్కున్నాను.

"గా దినం నువ్వు నా సమస్యలు కూలంకషంగా చర్చించినవన్నమాట," అంది ఆమె. కోపంగా అని ఉంటే బాగుండేది.

"నా మీద కంప్లయింటు రాస్తావా అక్కా?"

"రాస్తే నీ నౌకరీ పోతది. నాకేమొస్తది? నాకు వాన పడకముందు పెట్టె కావాలె. ఇగనుంచి నేను మాట్లాడింది మాట్లాడినట్టు రాయి. గంతే." లేచి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

నిజం చెప్పాలి. నాకు సిగ్గు వేసింది, దాని వెనకే కోపమూ వచ్చింది. తప్పు దొరికిపోయినవాడికి వచ్చే కోపం. మాట్లాడింది మాట్లాడినట్టు రాయాలా, సరే, అలాగే రాస్తాను చూడు అనుకున్నాను. వచ్చే మీటింగులో కలం పట్టుకుని ఏదీ వదలకుండా దించాను. ఆమె మాటలే కాదు, అడ్డం వచ్చిన ప్రతి మాటా, ప్రతి చప్పుడూ బ్రాకెట్లో వేశాను. మొదటి రెండుసార్లు వెటకారంగానే రాశాను. నాలుగోసారి ఆమె వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి రాస్తుంటే చెయ్యి నొప్పి పుట్టింది. ఆరోసారికి, ఈ వాక్యం పూర్తి కావాలి దేవుడా అని నాలో నేను అనుకోవడం మొదలుపెట్టాను. రెండున్నర అయింది. పూర్తి కాలేదు. డాక్టరుగారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టాడు, సూపర్‌వైజరుగారూ పెట్టాడు.

మరుసటి నెల మీటింగుకు జిల్లా నుంచి పెద్దసారు వచ్చాడు. ఎండ మండిపోతోంది. ఆకాశంలో అప్పుడప్పుడూ ఒక మబ్బు వచ్చి పోతోంది. ఆ మబ్బును చూసినప్పుడల్లా ఆమె కళ్లు చిన్నవయ్యేవి. సూపర్‌వైజరుగారు దండ వేసి, స్వాగతం చెప్పి, ఎవరెవరు ఏం మాట్లాడాలో ముందే మాకు నూరిపోశాడు. "నువ్వు టీకాల లెక్క చెప్పి కూర్చోవాలమ్మా. పెట్టె గొడవ ఎత్తమాక," అని ఆమెకు విడిగా చెప్పాడు.

ఆమె వంతు వచ్చింది. లేచింది.

"సార్, పోయిన నెల మీటింగ్‌ల ఏం మాట్లాడినమో ముందుగాల చదివిపిస్తే మంచిగుంటది సార్."

పెద్దసారు తలెత్తాడు. "నిజమే. పాత మినిట్స్ చదివాకే కొత్త మీటింగు మొదలుపెట్టాలి, అదే పద్ధతి. మీరు చదవడం లేదా?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. పుస్తకం తెరిచాను. పేజీ కింద ఇద్దరి సంతకాలూ చక్కగా ఉన్నాయి. ఇక తప్పేదేముంది, చదివాను.

"ఉపకేంద్రం నర్సు లేచి చెప్పింది. వాగు అవతలి మూడు గూడేలకు, వాన పడకముందే. ఇక్కడ సూపర్‌వైజరుగారు 'అది తర్వాత' అన్నారు. నర్సు మొదటి నుంచి చెప్పింది. వాగు అవతలి మూడు గూడేలకు, వాన పడకముందే, ఒక పెట్టె. ఇక్కడ టీ వచ్చింది. నర్సు మొదటి నుంచి చెప్పింది. వాగు అవతలి మూడు గూడేలకు, వాన పడకముందే, ఒక పెట్టె నిండా. ఇక్కడ డాక్టరుగారికి ఫోను వచ్చింది. కిటికీ దగ్గరకు వెళ్లారు. నర్సు మొదటి నుంచి చెప్పింది..."

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గదంతా నవ్వింది. పెద్దసారు కూడా పెదవి బిగబట్టాడు. నేను ఆపలేదు. ఇక్కడ సూపర్‌వైజరుగారు తన పాత అనుభవం చెప్పారు. ఇక్కడ కరెంటు పోయింది. ఇక్కడ సూపర్‌వైజరుగారు 'నీ గొడవ ఎప్పుడూ ఉండేదే' అన్నారు. చదివేకొద్దీ నవ్వు తగ్గిపోయింది. అయిదోసారికి ఒక్కరూ నవ్వడం లేదు. ఆరోసారి ఆ వాక్యం వచ్చేసరికి ముందు వరుసలో ఒక నర్సు పెదవులు కూడా నాతోపాటు కదులుతున్నాయి. సూపర్‌వైజరుగారు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు. డాక్టరుగారు బల్లకేసి చూస్తున్నాడు.

"ఇక్కడ సమయం అయిపోయినందున సమావేశం ముగిసినది," అని ఆపాను.

"వాక్యం?" అన్నాడు పెద్దసారు.

"పూర్తి కాలేదు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "చెప్పమ్మా."

ఆమె రిజిస్టరు తెరిచింది. వేలు వరుస మీద పెట్టింది. సూపర్‌వైజరుగారు "సార్, అది అసలు స్టోరుకు సంబంధించి..." అనబోతే పెద్దసారు అటు చూడకుండానే చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఆమె మాట అయ్యేదాకా దించలేదు.

"మొదటి సంది చెప్తా సార్. వాగు అవతలి మూడు గూడేలకు, వాన పడకముందే, ఒక పెట్టె నిండా జరం గోళీలు, రక్తం చూసే కిట్లు, విరేచనాలకు ప్యాకెట్లు ఇయ్యాలె. దాని తాళంచెవి గూడెంల మా ఆరోగ్య కార్యకర్త కాడ ఉండాలె. ఎవరికెంత ఇయ్యాల్నో ఆమెకు నేను నేర్పిచ్చిన. ఎందుకంటే సార్, వాగు వచ్చినంక మందు ఇటుంటది, జరం అటుంటది."

అంతే. వేలు తీసింది. అన్ని నెలలుగా మేము చెప్పనివ్వని మాట, టీ గ్లాసు సగం అయ్యేలోపు అయిపోయింది.

పెద్దసారు చెయ్యి దించి, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "స్టాకు రిజిస్టరులో ఉపకేంద్రం పేరున రాసి, ఈ వారమే ఇచ్చెయ్యండి," అన్నాడు. "ఇంత చిన్నదానికి ఇన్నిసార్లు నిలబడ్డావా అమ్మా?"

"నాకేం తొందర లేకుండె సార్," అందామె. "వాగుకే ఉన్నది."

ఆ పెట్టెను వాగు దాటించింది మేమిద్దరమే. ఆకుపచ్చ రంగు పోయిన పాత ట్రంకు. చెరో పక్క పట్టుకున్నాం. వాగులో అప్పటికి మోకాలి లోతే నీళ్లు. అవతలి ఒడ్డెక్కేసరికి నా ప్యాంటు చిరిగింది, కాలిలో ముల్లు దిగింది, నోటికొచ్చినట్టు అడవిని తిట్టాను. ఆమె ముల్లు తీసి, "తల్లాడ పోరడా, నడువు," అంది. గూడెంలో కార్యకర్తకు తాళంచెవి ఇచ్చి, ఏ గోళీ ఎవరికో కోయ మాటల్లో అడిగి, ఆమెతో తిరిగి చెప్పించుకుంది. ఆ అమ్మాయి ఒకచోట తడబడింది. అప్పుడు అక్క ఏమందో నాకు భాష రాకపోయినా అర్థమైంది. మొదటి నుంచి చెప్పమంది.

ఆ ఏడు వాన విరుచుకుపడింది. వాగు వచ్చింది, దారి మూసింది. అవతల మూడు గూడేల్లోనూ జ్వరాలని ఎవరో చెట్టెక్కి సైగ చేశారట. ఆమె ఇటే చిక్కుకుపోయింది. రోజూ పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి, నిలబడి, తిరిగి వచ్చి మా వరండాలో కూర్చునేది. బదిలీ కోసం రోజులు లెక్కపెట్టే నేను, ఆ వారమంతా వాగు నీళ్లు లెక్కపెట్టాను. భయం వేసింది. పెట్టెలో నీళ్లు పోయాయేమో, తాళంచెవి పోయిందేమో అని రాని ఆలోచన లేదు.

నీళ్లు నడుము లోతుకు దిగిన రోజు అందరికన్నా ముందు ఆమె దాటింది. మర్నాడే మా మీటింగు. పదకొండున్నరకు మొదలైంది, ఆమె రాలేదు. సూపర్‌వైజరుగారు కూడా ఏమీ మాట్లాడకుండా గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నాడు. పన్నెండు దాటాక వచ్చింది. చీర కుచ్చెళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు.

రిజిస్టరు తెరిచి, వేలు పెట్టింది.

"వాగు అవతలి మూడు గూడేలల్ల, ఈ నెల, చలిజరం వచ్చినోళ్లు పందొమ్మిది మంది సార్. అందరికీ పెట్టెలకెల్లి మందు అందింది. పందొమ్మిది మందీ..."

"శభాష్ అమ్మా!" డాక్టరుగారు కుర్చీలోంచి లేచిపోయాడు. సూపర్‌వైజరుగారు బల్ల చరిచాడు. "నేను అప్పుడే అనుకున్నాను సార్, ఈమె సాధిస్తుందని!" గదంతా చప్పట్లు. నేను కలం పడేసి మరీ కొట్టాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

ఆమె వేలు తియ్యలేదు. చప్పట్లు ఆగేదాకా నిలబడింది. డాక్టరుగారు ఇంకా ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి, నోరు మూసుకుని, నెమ్మదిగా కూర్చున్నాడు.

"మొదటి సంది చెప్తా సార్," అంది. "వాగు అవతలి మూడు గూడేలల్ల, ఈ నెల, చలిజరం వచ్చినోళ్లు పందొమ్మిది మంది. అందరికీ పెట్టెలకెల్లి మందు అందింది. పందొమ్మిది మందీ బతికున్నరు."

కిటికీ దగ్గర ఫోను మోగింది. డాక్టరుగారు కదలలేదు. టీ గ్లాసులు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఆమె ఒక్కొక్క పేరూ చదివింది, పందొమ్మిదీ చదివింది. నేను ఒక్కటీ వదలకుండా రాసుకున్నాను. ఆ చివరి పేరు కింద, ఎవరూ చెప్పకుండానే, నా అంతట నేను ఒక బ్రాకెట్ వేసి ఒక మాట రాశాను. డాక్టరుగారు ఆ రోజు మినిట్స్ మొత్తం చదివి, ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, దాని కిందే సంతకం పెట్టాడు.

(ఎవరూ అడ్డు రాలేదు.)